మేకల వెనక నడిచిన మనిషి

సినిమాల గురించి చెప్పడానికి నాకు పెద్ద అర్హత ఏమీ లేదు. మార్కాపురంలో బట్టల దుకాణం నడుపుకునే మనిషిని. పెళ్లిళ్ల సీజను లేనప్పుడు ఎప్పుడో ఒక సినిమా హాల్లో చూస్తాను. మిగతావన్నీ ఇంట్లో టీవీలోనే.

ఈ మధ్య హాల్లో చూసినవాటిలో సగం తలనొప్పి తెచ్చిపెట్టాయి. హీరో జీపు దిగడానికే ఒక పాట పట్టేంత సేపు. ముందు చెప్పు కనిపిస్తుంది, తర్వాత దుమ్ము లేస్తుంది, ఆ తర్వాత గానీ మొహం చూపించరు. కథ ఒక కొలిక్కి వస్తుందనుకునేసరికి మిగతాది రెండో భాగంలో చూడమంటారు. సగం చీర కోసిచ్చి, మిగతా సగానికి వచ్చే ఏడాది రమ్మంటే నా దుకాణంలో ఎవరన్నా ఊరుకుంటారా అని నా భార్యతో అన్నాను. ఇక మాటల సంగతి. సీమ అంటే బాంబులు, కోస్తా అంటే వెటకారం. మధ్యలో ఉన్న మా మాట ఒకటుందని సినిమావాళ్లకు తెలిసినట్టే లేదు.

ఇంట్లో చూడటంలో వేరే బాధలు. కుక్కర్ కూత వేస్తే సినిమా ఆగుతుంది, గ్యాసు బండి వస్తే ఆగుతుంది. ఒక్క సినిమా పూర్తయ్యేసరికి మూడు రోజులు పడుతుంది. అయినా నాకు ఇల్లే నయమనిపిస్తుంది. అలా ఎందుకనిపిస్తుందో చెప్పాలంటే మా పెద్దమ్మ సంగతి చెప్పాలి.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. పుల్లలచెరువు దాటి నల్లమల వైపు పోతే అడవి అంచున వాళ్ల పల్లె. ఆమె, మా పెద్దనాన్న ఇద్దరే ఉండేవాళ్లు. వాన పడితే కాస్త కంది, పడకపోతే మేకలు. పిల్లలు లేరు. నన్నే కొడుకుగా చూసుకున్నారు.

ఒక ఎండాకాలం ఆ పల్లెకు షూటింగువాళ్లు వచ్చారు. హీరో జీపు వస్తుంటే రోడ్డు మీద మేకల మంద అడ్డంగా పోవాలి. మేకలున్న మనిషి కావాలన్నారు. ఊళ్లోవాళ్లు పెద్దనాన్నను చూపించారు. ఆయన మంద తోలుకుని అవతలికి పోవడం, వాళ్లు మళ్లీ రమ్మనడం, ఆ పొద్దంతా అదే పని. తర్వాత నేను పోయినప్పుడు అడిగితే విసుక్కున్నాడు.

"నడిసిందే నడవమంటారు నాయనా. ఆ పెట్టె దిక్కు సూడొద్దంటారు. మేకలకు తెలుస్తాదా అదంతా?"

ఆ సినిమా విడుదలయ్యేలోపే ఆయన పోయాడు. పొద్దున చేనికి పోయిన మనిషి గుండెనొప్పితో గట్టు మీదే కూలబడ్డాడు.

సినిమా మార్కాపురం వచ్చినప్పుడు నేనూ నా భార్యా పోయాం. ఆ సీను కోసమే కాచుకుని కూర్చున్నాం. సరిగ్గా జీపు ఆగే సమయానికి ముందు వరుసలో ఎవరో లేచి బయటికి నడిచారు. అతను తప్పుకునేసరికి తెర మీద మేకల వీపులు, ఒక తువ్వాలు కొస మాత్రమే మిగిలాయి. మళ్లీ చూద్దామనుకున్నాం గానీ సినిమా ఆడలేదు, వారం తిరక్కుండానే తీసేశారు. కొన్నాళ్లకు ఓటీటీలోకి వచ్చింది. అయినా ఎందుకో పెట్టుకోబుద్ధి కాలేదు.

ఆ తర్వాత పెద్దమ్మ కళ్లు చూపించుకోవడానికి మా ఇంటికి వచ్చింది. రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చెయ్యాలన్నారు. మనుషులను గొంతు బట్టే పోల్చుకుంటోంది. సినిమా మాట ఎత్తాలా వద్దా అని నేను నాన్చుతుంటే, ఆదివారం అన్నాలు తిన్నాక నా భార్యే అడిగేసింది.

"అత్తా, మామ ఉన్న సినిమా టీవీలో ఉండాది. సూస్తావా?"

పెద్దమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుని, "పెట్టు" అంది.

కుర్చీలో కూర్చోనంది. టీవీకి దగ్గరగా నేల మీద కూర్చుంది. నేను ఆ సీను వెతికి పెట్టాను. మొదట జీపు ఆగింది. మేకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ రోడ్డెక్కాయి. వాటి వెనక పెద్దనాన్న, భుజాన తువ్వాలు, మెడ మీద అడ్డంగా కర్ర, దాని మీద రెండు చేతులూ. చప్పున రిమోటు నొక్కి బొమ్మ ఆపాను.

"ఆపినావెందుకు?" అంది పెద్దమ్మ.

"బాగా కనపడతాడని, పెద్దమ్మా."

"నాకు మొగం యాడ తెలుస్తాది? మసగ్గా ఉండాది. నిలబడితే మీ పెద్దనాయనో, ఇంగొకరో. నడవనీ. నడిస్తే తెలుస్తాడు."

వదిలాను. ఆయన నడిచాడు. పెద్దమ్మ మెడ ముందుకు సాచి చూసింది. కుడిభుజం కాస్త వంచి, అడుగు విసిరి వేసే ఆ నడక నేనూ గుర్తుపట్టాను. కానీ ఆమె మేకలను కూడా గుర్తుపట్టింది. "ముందు పోయేది ఒంటికొమ్ముది. అది యాడికి బోయినా ముందే పోవాల" అంది.

రోడ్డు సగం దాటాక పెద్దనాన్న తల పక్కకు తిప్పి పెదాలు కదిలించాడు. ఏమన్నాడో వినపడలేదు, దాని మీద హీరో పాట పడుతోంది. కెమెరా వైపు చూడొద్దన్నారు కదా, ఆ పక్కకు ఎందుకు చూశాడో నాకు అర్థం కాలేదు. వెనక్కి జరిపి మళ్లీ వేశాను.

"ఎవరితోనో మాట్లాడతాండాడే" అంది నా భార్య.

"నాతోనే అమ్మాయ్" అంది పెద్దమ్మ. "అన్నం తీసకపోయి కంపచెట్టు కింద నిలబడుండా. పొద్దు ఎక్కిపాయ, తినిపో అని పిలిసినా. వస్తాండాలే, ఇదొక్కటి అయిపోనీ అన్నాడు."

అన్ని ఊళ్లలో, అన్ని హాళ్లలో ఎంతమంది ఆ సినిమా చూసి ఉంటారు. రోడ్డు దాటుతూ ఒక ముసలాయన ఎటో చూశాడనుకుని ఉంటారు, లేదా అసలు ఆయన్ను చూసే ఉండరు. అంత ఖర్చు పెట్టి తీసిన ఆ సినిమాలో అన్నం తెచ్చిన పెళ్లానికి ఒక మొగుడు చెప్పిన జవాబు ఉంది. దాన్ని తీసినవాళ్లకే ఆ సంగతి తెలియదు. పాట కింద మూగగా ఉన్న ఆ నాలుగు మాటలు తెలిసిన ఒకే ఒక్క మనిషి మా ఇంట్లో నేల మీద కూర్చుని ఉంది, కంటికి సరిగా ఆనకపోయినా.

ఆమె ఏడవలేదు. సినిమా మిగతాది కూడా పెట్టమంది. చివరిదాకా కూర్చుని, "ఆ హీరో పిల్లోడు ఊరికే అరుస్తాడు. అరిసేదానికి కారణం ఉండొద్దా?" అంది. ఆ సినిమా మీద నేను విన్న అభిప్రాయాలన్నిటిలోకీ అదే సరైనదనిపించింది.

ఒక కంటికి ఆపరేషన్ అయింది. నల్లద్దాలు తీసెయ్యొచ్చని డాక్టరు చెప్పిన రోజు పెద్దమ్మ ఇంట్లో అన్నీ చూసుకుంటూ తిరిగింది. గోడ రంగు చూసింది, నా తలలో తెల్లవెంట్రుకలు చూసి నవ్వింది. నా భార్య మొహం రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూసింది. సాయంత్రం టీ తాగి గ్లాసు కింద పెట్టి, "మీ పెద్దనాయన్ని ఇంగొకసారి పెట్టు" అంది.

పెట్టాను. ఆయన తల తిప్పగానే, "ఆడ ఆపు" అంది.

ఆపాను. పెద్దనాన్న మొహం తెర మీద నిలిచింది. పెద్దమ్మ లేచి టీవీ దగ్గరికి పోయింది. లోపలికి పోయిన ఆ బుగ్గలను, తెల్లబడిన కనుబొమలను దగ్గరగా చూసింది.

"ఇంత ముసలోడై పోయినాడా" అంది మెల్లగా. "నాకు తెలియనే లేదు గదా."

అప్పుడు గానీ నాకు తట్టలేదు. ఆయన బతికి ఉన్న చివరి ఏళ్లలో ఆమె కళ్లకు అప్పటికే పొర కమ్మింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని తాను అన్నం పెట్టిన మనిషి మొహం ఆమె సరిగా చూసి ఎన్నాళ్లయిందో. ఆయన వయసు మళ్లడం ఆమె చూడలేదు. ఆయన పోయాక, మా ఇంటి ముందుగదిలో, ఆ టీవీలో మొదటిసారి చూసింది.

పెద్దమ్మ తెర మీద చెయ్యి పెట్టబోయి, పెట్టకుండా వెనక్కి తీసుకుంది. బయట స్కూటర్లు పోతున్నాయి. ఎవరో దుకాణం తెరవలేదేమని నాకు ఫోను చేస్తున్నారు, నేను ఎత్తలేదు.

మరుసటిరోజు బస్సెక్కించేటప్పుడు, ఆ సీను ఫోన్లో వేసిస్తాను, ఎప్పుడంటే అప్పుడు చూసుకోవచ్చు అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

"వద్దు నాయనా. ఈడే ఉండనీ. మీ ఇంటికొచ్చినప్పుడు సూస్తా. రావడానికి నాకూ ఒక పని ఉంటాది గదా."

అప్పటినుంచి వాళ్ల పల్లె నుంచి వచ్చే బస్సు దిగి ఆమె వచ్చినప్పుడల్లా, మంచినీళ్లు ఇచ్చాక నా భార్య రిమోటు వెతుకుతుంది.