కంచె మీది పలకలకు పసుపు

దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, ఆ చాప ఇటు లాక్కోండి. మా కంచె సంగతి చెబుతాను, వినండి.

మాది పుంగనూరు దగ్గర పల్లె. మా మామకు ఊపిరితిత్తులు చెడిపోతే, ముక్కుకు గొట్టం పెట్టి గాలి అందించే మిషన్ ఇంటికి తెచ్చాం. కరెంటు పోతే అది ఆగిపోతుంది, ఆయనకు ఊపిరాడదు. అందుకే సోలార్ పలకలు, బ్యాటరీ పెట్టించాం. మదనపల్లె నుంచి వచ్చిన సాయిబు మిస్త్రీ మా పెంకుటిల్లు చూసి, దూలాలు బరువు మోయవన్నాడు. దక్షిణం పక్క కంచెకు కుప్పం నుంచి తెచ్చి పాతిన రాతి కూసాలు, నిలువు స్తంభాలు, ఉన్నాయి. వాటికే ఇనుప పట్టీలు బిగించి పలకలు నిలబెట్టాడు.

మా అత్తకు అవి దేవుళ్లే. శుక్రవారం గడపకు పసుపు రాసిన చేత్తోనే వాటి అద్దాలకూ మెత్తేది. కుంకుమ బొట్లు పెట్టి, ఈ కూసం నుంచి ఆ కూసానికి బంతిపూల దండలు అడ్డంగా కట్టేది. ఆయనకు ఊపిరిస్తున్నాయని మొక్కుకునేది. మేమూ దండం పెట్టుకుని ఊరుకున్నాం.

ఒక శుక్రవారం సాయంత్రం కరెంటు పోయింది. కాసేపటికే బ్యాటరీ కూతపెట్టి మిషన్ ఆగింది. మామను లేపి నా భుజానికి ఆనించుకుని కూర్చోబెట్టాను. ఆయన గుండె ఎగిసిపడుతుంటే అత్త కాళ్లు రుద్దుతూ మొక్కుతూనే ఉంది. కరెంటు వచ్చేసరికి ఆయన పెదవులు నల్లబడ్డాయి.

పొద్దున మిస్త్రీ వచ్చి కంచె ముందు నిలబడిపోయాడు.

"అవ్వా, ఇదేంది? అద్దమంతా పసుపే ఉండాదే."

"దేవుడికి పెట్టకుండా నీకు పెట్టమంటావా అప్పా?"

"దేవుడికైనా కండ్లకు పసుపు పూస్తారా? ఎండ తగలకపోతే కరెంటు యాడ నుంచి వస్తాది? బొట్టు ఆ రాళ్లకు పెట్టుకో."

అత్త ముఖం పాలిపోయింది. ఎవరి ఊపిరి కోసం మొక్కిందో, ఆ ఊపిరికే తన చెయ్యి అడ్డుపడిందని ఆమెకు అర్థమైంది. దండలు తెంపి, కొంగు తడిపి అద్దం తుడవసాగింది. కిటికీలోంచి మామ అంతా విన్నాడు.

"పెండ్లినాడు గూడా నాకంత దండ ఎయ్యలేదు గదే," అన్నాడు ఆయాసపడుతూనే. "ఏడవగాకు. ఈడికొచ్చి కూసో."

ఆ ఎండాకాలమంతా మిషన్ ఆగలేదు. వానలు పట్టాక ఒక మధ్యాహ్నం, మిషన్ నడుస్తుండగానే, అత్త చెయ్యి పట్టుకుని ఆయన పోయాడు. మిషన్ పక్కనున్న సోమల ఊళ్లో ఒక ఇంటికి ఇచ్చేశాం.

అత్త మాత్రం తడిగుడ్డ పట్టుకుని కంచె దగ్గరికి పోవడం మానలేదు.

"ఇంకా యాల అత్తా ఇదంతా?" అన్నాను.

"ఆయప్పకు గాలి ఇచ్చినాయమ్మా. దుమ్ములో ఎట్లా ఇడిసిపెట్టేది?"

అద్దాలు తుడిచి, బొట్టు రాతి కూసాలకు పెట్టి వస్తుంది.

ఇంత ఓపికగా విన్నారు. మీ ఇంట్లో అందరి ఊపిరీ చల్లగా ఆడాలి. మీ కంచెలోపల ఎవరికీ ఏ లోటూ రాకూడదు తల్లీ.