కేస్ షీట్‌లో తలుపు

ఆ రోజు పొద్దున్నుంచే కటింగ్ మిషన్ తేడాగా ఉంది. బటన్ నొక్కకపోయినా బ్లేడ్ ఒక్కోసారి రెండోసారి దిగుతోంది. గ్రూప్స్ నోటిఫికేషన్ పడిన వారం అది. స్టడీ మెటీరియల్ కోసం అశోక్‌నగర్ హాస్టళ్ల పిల్లలంతా చిక్కడపల్లిలో మా బైండింగ్ షాపు ముందే ఉన్నారు. నేనూ ఆ పరీక్షలకే నల్లగొండ వైపు నుంచి వచ్చినదాన్ని. పొద్దున లైబ్రరీలో చదువు, మధ్యాహ్నం నుంచి షాపులో పని. మూడేళ్లు అలాగే గడిచాయి.

మిషన్ సంగతి ఓనర్‌కు చెప్పాను. "ఈ ఒక్క రోజు నడిపియ్యి చెల్లె, రేపు మెకానిక్ వస్తడు" అన్నాడు. ఆయనది మా పక్క ఊరు. మొదటి రోజు నుంచీ చెల్లె అనే పిలిచాడు, నేను అన్న అన్నాను. రాఖీ పండక్కి షాపులోనే రాఖీ కట్టి ఫోటోలు దిగేవాళ్లం. జీతం చేతికిచ్చేవాడు, సంతకాల్లేవు. అన్నను పట్టుకుని ఉద్యోగం కాగితం ఎలా అడుగుతాం? నేను అడగలేదు.

సాయంత్రం కాగితాల కట్ట సర్దుతుంటే బ్లేడ్ దిగింది. నొప్పి వెంటనే తెలియలేదు. కుడి చేతి చూపుడు వేలు, మధ్య వేలు కట్ట మీదే ఉండిపోయాయి.

తెగిన వేళ్లు కవర్లో వేసుకుని నారాయణగూడలో ఆసుపత్రికి ఆటోలో పోతుంటే అన్న నా చేతికి తువ్వాలు చుట్టి గట్టిగా పట్టుకున్నాడు. "మిషన్ల చెయ్యి పడ్డదంటే పోలీస్ కేస్ రాస్తరు. గంటలకు గంటలు పరేషాన్ చేస్తరు, అంతల వేళ్లు పోతయ్. ఇంట్ల తలుపు సందుల పడ్డదని చెప్పు. ఖర్చంతా నేను చూసుకుంట" అన్నాడు. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టర్ ఎలా జరిగిందని అడిగితే, తలుపు అని నేనే చెప్పాను. ఎవరూ నా నోరు నొక్కలేదు.

ప్లాస్టిక్ సర్జన్ గాయం చూసి తలెత్తింది. ఆవిడ కోస్తా మనిషి. "తలుపైతే నలిపేస్తుందమ్మా, ఇంత నీటుగా కొయ్యదు. నిజం చెప్పు, అదే రాస్తాను" అంది. గుమ్మంలో అన్న నిలబడి ఉన్నాడు. నేను మళ్లీ తలుపే అన్నాను.

రీప్లాంటేషన్ అని రెండు వేళ్లూ అతికించారు. ఐదో రోజుకు చూపుడు వేలు నల్లబడింది. "సర్క్యులేషన్ రావట్లేదు, ఆంప్యుటేషన్ తప్పదు" అని డాక్టర్ ఆ వేలు తీసేసింది. మధ్య వేలికి ఇన్‌ఫెక్షన్ పట్టింది. రెండుసార్లు డిబ్రైడ్‌మెంట్ అని చెడిన కండ కోసేశాక సగం మిగిలింది. మొదటి బిల్లు అన్న కట్టాడు. రెండో ఆపరేషన్ నాటికి ఫోన్ ఎత్తడం మానేశాడు. మా నాయన బర్రెను అమ్మి వచ్చాడు. మెకానిక్ మాత్రం చెప్పిన మాట ప్రకారం మర్నాడే వచ్చి మిషన్ బాగుచేశాడట.

ఫిజియోథెరపీలో శనగలు ఏరించేవారు. లేని వేలు ఇప్పటికీ దురద పెడుతుంది. ఫాంటమ్ సెన్సేషన్ అంటారట. పేరు తెలిసినంత మాత్రాన గోక్కోవడం కుదరదు కదా.

నాలుగు నెలలకు నా రూమ్మేట్ నన్ను లేబర్ ఆఫీసుకు తీసుకెళ్లి పరిహారానికి దరఖాస్తు పెట్టించింది. కార్మికుల పరిహార చట్టం నాకు కొత్తేమీ కాదు. దాని మీద బిట్లు నేనే బైండ్ చేశాను, నేనే బట్టీ పట్టాను. క్యాజువాలిటీలో మాత్రం తప్పు జవాబు చెప్పాను.

విచారణలో ఓనర్ తరఫు లాయర్ జవాబు చదివాడు. ఈమె మా దగ్గర ఉద్యోగి కాదు, చెల్లెలి వరస. అభిమానం కొద్దీ అప్పుడప్పుడు వచ్చిపోయేది. ప్రమాదం ఇంట్లో జరిగిందని ఆసుపత్రి కాగితమే చెబుతోంది. సాక్ష్యంగా రాఖీ ఫోటో జత చేశారు.

బయట వరండాలో ఆయనే దగ్గరికొచ్చాడు. "ఎందుకు చెల్లె ఇదంత? ఇంటికి రా, కూసొని మాట్లాడుకుందాం."

"ఇంటికెందుకు? లోపలికి నడువు. నేను నీ దగ్గర పనిచేసిన్నని ఒక్క మాట చెప్పు అన్నా, చాలు."

ఆయన ఫోన్ చూసుకుంటూ వెళ్లిపోయాడు. అంత కోపంలోనూ నా నోటికి అన్న అనే వచ్చింది. అందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

సర్జన్ దగ్గరికి వెళ్లి ఏడ్చాను. "నువ్వు చెప్పింది నేను మార్చలేనమ్మా. కానీ నేను చూసింది ఆ రోజే రాశాను" అని ఆపరేషన్ నోట్ తీసి చూపించింది. పదునైన బ్లేడ్ గాయంలా ఉంది, తలుపు నలిపినట్టు లేదు అని ఒక్క లైను. ఇప్పుడు నా కేసు ఆ లైను మీదే నడుస్తోంది. వాయిదాల మీద వాయిదాలు పడుతున్నాయి.

మెయిన్స్ చేత్తో రాయాలి కాబట్టి ఎడమ చేత్తో అక్షరాలు దిద్దుతున్నాను. ఒకటో తరగతి పిల్లల రాతలా ఉంది, పర్వాలేదు.

ఇది చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పనిలో దెబ్బ తగిలితే, ఆసుపత్రిలో ఎలా జరిగిందని అడిగిన మొదటి మనిషికే నిజం చెప్పండి. పోలీస్ కేసు రాసినా వైద్యం ఆగదని నాకు తర్వాత ఆ డ్యూటీ డాక్టరే చెప్పాడు. కేస్ షీట్‌లో ఏం రాశారో చదివించుకుని వినండి. మీ చేయి పట్టుకుని వచ్చిన మనిషిని కాసేపు బయట నిలబెట్టండి.

ఆ రాఖీ ఫోటో నకలు నాకూ ఇచ్చారు. అందులో నా కుడి చేయి ఆయన మణికట్టు మీద దారం ముడి వేస్తోంది. ఆ రెండు వేళ్లూ స్పష్టంగా కనిపించే ఫోటో నా దగ్గర అదొక్కటే ఉంది. చింపేద్దామని చాలాసార్లు అనుకున్నాను, చేతులు రాలేదు.