అక్క పేరుతో బతికినదాన్ని

ఒక్క అబద్ధాన్ని ఇన్నేళ్లూ మోశాను. ‘తెలీదు’ అన్నాను, అంతే. నెత్తిన బొగ్గు తట్ట మోసినదాన్ని, బరువంటే ఏటో నాకు తెలుసు. తట్టయితే దించొచ్చు. ఇది దిగలేదు.

ముందు నా సంగతి. మా అక్క బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి కొత్తకోడలిగా వచ్చి, ఏడాది తిరక్కుండా పోయింది. బావకే నన్నిచ్చారు. ఆఫీసులో, రేషన్ దుకాణంలో, ఆస్పత్రిలో అప్పటికే అక్క పేరుంది. ‘మళ్లీ ఎవడు తిరుగుతాడు, అదే ఉండనీ’ అంది అత్త. ఉండిపోయింది. ఇంట్లోవాళ్లు కాక, నా పేరు తెలిసింది ఆ క్వార్టర్ల లైన్లో ఒక్క నూకాలుకే. మా ఊరిదే, నాతో గొడ్లు కాసింది. నలుగురిలో నన్ను అక్కా అన్నట్టు అప్పా అనే పిలిచేది, పేరు బయటపడకుండా.

దాని మొగుడు పట్టాల పని చేస్తూ పోయాడు. పింఛను ఇచ్చేముందు, పోయినవాడి పెళ్లాం ఈమేనా అని విచారించడానికి ఆఫీసు బాబు వచ్చాడు. దాని పేరు ఆఫీసులో ఒకటి, రేషన్ దుకాణంలో ఇంకొకటి, మేం పిలిచేది నూకాలు. రాసుకున్నవాడి నోటికొచ్చిందే మా పేరు. ఒకచోట రాసింది ఇంకోచోట ఎవడూ చూడడు. అలాంటప్పుడు మనిషికి మనిషే సాక్ష్యం.

కుళాయి దగ్గర అందరం ఉన్నాం. ఈమెను ఎరుగుదువా అని బాబు హిందీలో నన్నడిగాడు.

“సెప్పవే అప్పా, నాను ఆడి పెళ్లాన్ని కానేటి?” అంది నూకాలు.

“నాకు తెల్దు బాబూ.”

ఆటపట్టిస్తున్నాననుకుని నవ్వబోయింది. “పెళ్లిలో నా పక్కన కూకున్నది నువ్వు కాదేటి?”

“తెల్దన్నాను కదా!”

దాని ఊరిదాన్ని నేనే తెలీదంటే మిగతావాళ్లు ఏం చెప్తారు? బాబు అదే రాసుకుని పోయాడు, దానికి పింఛను రాలేదు.

ఎందుకన్నాను? సాక్ష్యం చెబితే, మరి నువ్వెవరని నన్నడుగుతారని భయం. అదొక్కటేనా? కాదు. నూకాలు వెళ్లిపోతే నా అసలు పేరు తెలిసినవాళ్లే ఇక్కడ ఉండరని, బిందె నిండేలోపే లెక్కేసుకున్నాను. అదీ నేను చేసిన తప్పు. నూకాలు నా గుట్టు గురించి ఒక్క మాటంటే నా కొంప మునిగేది. అనలేదు. క్వార్టర్ ఖాళీ చేసి, అర్పా నది దాటి, సర్కండాలో ఇళ్లల్లో అంట్లు తోముకుని బతికింది.

ఈమధ్య మా తెలుగు పిల్ల ఒకతె ముసలాళ్లకి అక్షరాలు నేర్పుతానని వచ్చింది. కొన్నాళ్లకి, నీ పేరు రాయి మామ్మా అంది. ఏ పేరు? పలక కింద పెట్టి లేచి వచ్చేశాను.

మొన్న ఆఫీసుకు పోయాను. నూకాలు వాడి పెళ్లామే, నేనే అబద్ధమాడానని చెప్పాను. నేను మా అక్కను కానని కూడా చెప్పాను. బావ పోయాక నాకొచ్చే పింఛను ఆగితే ఆగనీ. కొత్త బాబు ఓపిగ్గా విన్నాడు. నూకాలు కాగితాలు మళ్లీ తీయిస్తానన్నాడు. నీ అసలు పేరు ఎరిగినవాళ్లెవరినైనా తీసుకురమ్మన్నాడు. ఇక్కడ నూకాలు తప్ప ఇంకెవరున్నారు?

సర్కండా వెళ్లాను, దాని కాగితాల సంగతి చెప్పడానికే. నా కోసం రమ్మని అడగలేదు. ఏ ముఖం పెట్టుకుని అడగను? నూకాలు గుమ్మంలోనే నిలబడి అంతా వింది. లోపలికి రమ్మనలేదు.

“ఇన్నేళ్లకా?” అంది.

తిరిగి నాలుగడుగులు వేశాను. వెనకనుంచి పిలిచింది. అప్పా అని కాదు. మా అమ్మ పెట్టిన పేరుతో. ఎందుకు పిలిచిందో తెలీదు, తిట్టడానికే కావచ్చు.

వెనక్కి తిరిగాను. పలికాను.