మజ్జిగ పందిట్లో సంబంధం

హైదరాబాదు నుంచి చెన్నై వెళ్ళి, సౌకార్‌పేటలో బయల్దేరి తిరువొత్తియూరు గుడికి నడుస్తున్నాం. ఐదుగురం, అందరం గే. మమ్మల్ని నడిపించే గైడూ అంతే. "ఎవరైనా అడిగితే ఆఫీసు స్నేహితులమని చెప్పండి" అని పొద్దున్నే పాఠం చెప్పాడు.

దారిలో తొండియార్‌పేటలో ఒక తెలుగు పెద్దావిడ పందిరేసి, గుడికి నడిచేవాళ్ళకి మజ్జిగ పోస్తోంది. ఆ పందిట్లోనే నేనూ, నాతో కలిసి ఉండే శీనూ గొడుగు గురించి పోట్లాడుకున్నాం. తెమ్మని మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఊఁ అన్నాడు, తేలేదు.

"ఏందప్పా, మొగుడూ పెళ్ళాల మాదిరి కొట్లాడుకుంటా ఉండారే!" అందావిడ.

గైడు కళ్ళతోనే వద్దన్నాడు. కానీ గుడికి పోతూ అబద్ధమాడడానికి నాకు మనసొప్పలేదు.

"అట్లాంటిదేనమ్మా. ఏడేళ్ళయింది."

మజ్జిగ పోస్తున్న చెయ్యి ఆగింది.

"ఏడేళ్ళా? ఇంకా గొడుగు కాడే ఉండారా?" అని మిగతా ముగ్గురి వైపూ, గైడు వైపూ తిరిగింది. "వీళ్ళు?"

"మాలాంటివాళ్ళేనమ్మా. ఇంకా ఎవరూ కుదర్లేదు" అన్నాను.

"ఈడనే ఇంతమంది ఉండారే, మీలో మీరే చూసుకోకూడదా?"

ముగ్గురూ ఒకర్నొకరు చూసుకుని, గబుక్కున గ్లాసుల్లోకి చూశారు.

ఆవిడ గైడు గ్లాసు అంచుదాకా నింపింది.

"తంబీ, మా చెల్లెలి కొడుకు అంబత్తూరులో లేత్ మిషన్ పని చేస్తా ఉండాడు. బంగారం లాంటోడు. ఏ పిల్లని చూపించినా వద్దంటాడు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. నీకింకా కుదర్లేదు గదా?"

ఆఫీసు స్నేహితులమని చెప్పమన్న పెద్దమనిషి మూతి తుడుచుకుని, "ఫోటో ఉందా అమ్మా?" అన్నాడు.