పదమూడో శాసనం లేని రాయి

పోయిన గురువారం ఉదయం పదింటికి తవిటేశు ఫోన్ చేశాడు. మా బ్యాండులో డ్రమ్స్ వాయించేది అతనే. నందిగాంలో చేను గట్టు మీద నిలబడి మాట్లాడుతున్నట్టున్నాడు, వెనకాల ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది. "అక్కా, టీచరమ్మ పోనాది," అన్నాడు. ఆ ట్రాక్టరు చప్పుడు వింటూ ఇద్దరం ఫోను పట్టుకునే ఉండిపోయాం.

మీలో చాలామందికి ఆవిడ తెలియదు. టెక్కలిలో ఆడపిల్లల హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయింది. చివరి మూడేళ్లూ వారానికి మూడు రోజులు పలాసలో డయాలసిస్ మంచం మీద గడిపింది. పోయిన నెల మేం విడుదల చేసిన ఆల్బం విని మీలో కొందరు మెచ్చుకుంటూ రాశారు. పరశురాముడూ కళింగ యుద్ధమూ రాక్ పాటల్లోకి ఎలా వచ్చాయని అడిగారు. ఆవిడ వల్ల వచ్చాయి. ఈ సంగతి ఆవిడ ఉండగానే రాయబోతే వద్దంది. "పాట ఇంటే సాలు, నా పేరేల?" అంది. ఇప్పుడు ఆపేవాళ్లు లేరు కాబట్టి రాస్తున్నాను.

తొమ్మిదో తరగతిలో ఆవిడ మాకు క్లాస్ టీచరు. పుస్తకం చదివేటప్పుడు పుస్తకంలాగే చదివేది. పుస్తకం మూసేశాక మాత్రం మా ఇళ్లల్లో మాట్లాడుకున్నట్టే మాట్లాడేది. గోడకున్న భారతదేశం పటంలో టెక్కలి ఉండేది కాదు. ప్రతి జూన్‌లోనూ తన నుదుటి బొట్టుబిళ్ల తీసి, సముద్రం ఒడ్డున సరిగ్గా మేం ఉండే చోట అంటించేది. సంవత్సరం తిరిగేసరికి అది ఊడిపోయేది. మళ్లీ ఇంకోటి.

కళింగ యుద్ధం పాఠం వచ్చిన రోజు "ఈ యుద్ధం గెలిసిన రాజెవడర్రా?" అని అడిగింది. క్లాసంతా ఒక్క గొంతుతో అరిచాం.

"లచ్చమంది సచ్చిపోనారని ఆ రాజే రాయించుకున్నాడు. ఆల్లలో ఒక్కడి పేరు సెప్పండి."

అందరం పుస్తకాలు తిరగేశాం, ఒక్క పేరూ దొరకలేదు.

"ఆలెవలు అనుకున్నారు? మనమే."

ఆవిడ ఆ చక్రవర్తి పేరు పరీక్ష కాగితం మీద తప్ప నోటితో అనగా నేను వినలేదు. 'ఆ మగధ రాజు' అనేది, అంతే. ఇప్పుడు రాస్తుంటే నాకూ ఆ పేరు పెట్టబుద్ధి కావడం లేదు.

తర్వాత చాలా ఏళ్లు ఆవిణ్ణి చూడలేదు. చదువయ్యాక కాశీబుగ్గలో మా నాన్న జీడిపప్పు యూనిట్ చూసుకోవడం మొదలుపెట్టాను. ఆదివారం మిషన్లు ఆగిపోయాక ఆ గోడౌనే మా బ్యాండుకు ఇల్లు. నేను కీబోర్డు వాయించి పాడతాను, పాటలు రాస్తాను. కృష్ణ గిటారు. వారమంతా బజార్లో సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. మేం వాయించేది ప్రోగ్రెసివ్ రాక్. అంటే ఏమిటని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. ఒక్కో పాట పావుగంట ఉంటుంది, మధ్యలో తాళం మారిపోతుంది, ఆల్బంలో పాటలన్నీ కలిపి ఒకే కథ చెబుతాయి అని చెబుతాను. "అయితే బుర్రకథే కదా," అంటుంది.

ఒక ఆదివారం టీచరమ్మ చుట్టాలకు జీడిపప్పు బద్దలు కొందామని వచ్చింది. లోపలినుంచి మోత వినిపిస్తే నేరుగా వచ్చి బస్తా మీద కూర్చుంది. మంచుకోటలో చనిపోయిన ఒక వీరుడి మీద నేను రాసిన పాట పూర్తిగా వింది. చెయ్యి చూశాను, ముంజేతి మీద డయాలసిస్ సూదుల మచ్చలు. అప్పుడే తెలిసింది నాకు.

"బాగుందే గుంటా. మంచెప్పుడైనా సూసేవేటి?"

"లేదు టీచర్."

"సూడని మంచులో సచ్చినోడి కోసం పద్దెనిమిది నిమిసాలు ఏడిసేవు. ఇటు రా."

గోడౌను వెనక తలుపు తీసి ఉత్తరానికి చూపించింది. అప్పుడే వాన వెలిసింది. దూరంగా కొండల మీద కొండలు నీలంగా తేలి ఉన్నాయి.

"అటేపు మహేంద్రగిరి. రాజులందర్నీ నరికీసి, ఇంక నరకడానికెవలూ నేక, పరశురాముడు గొడ్డలట్టుకుని ఎక్కిన కొండ. సిన్నప్పుడు మా ఊల్లో జముకుల కథ సెప్పీవోరు. తండ్రి మాట మీద తల్లి తల నరికీసినాడు. మల్లీ తండ్రినే అడిగి బతికించుకున్నాడు. కథోల్లు అక్కడితో ఆపీసీవోరు. నాకు అక్కడే మొదలవుతాది. ఆ తల్లి కల్లు తెరిసింది. ఎదురుగా కొడుకున్నాడు. మొదటి మాట ఏటంటాదే?"

కృష్ణ అప్పటికే గిటారు మీద ఏదో వెతుకుతున్నాడు. జముకు అనేది ఒక్క తీగ ఉన్న వాయిద్యం. తీగ బిగించి వదిలితే లోపలినుంచి మూలిగినట్టు మోగుతుంది. ఆ మూలుగు కోసం కీబోర్డు మీద నేను పదిహేను రోజులు కూర్చున్నాను. ఆ తల్లి రేణుక నోట రావలసిన మొదటి మాట కోసం మాత్రం మూడు నెలలు రాశాను, కొట్టేశాను. చివరకు ఆ పాటలో ఆమెకు మాటల్లేవు. గట్టిగా ఊపిరి తీసుకున్న చప్పుడు ఉంటుంది, అంతే. టీచరమ్మ అది విని చాలాసేపు తల ఊపింది.

ఆ తర్వాత చలికాలంలో, డయాలసిస్ లేని రోజు చూసుకుని, మమ్మల్ని ముగ్గుర్నీ వెంటేసుకుని ఒడిశా బయల్దేరింది. బరంపురం దాకా రైలు. అక్కణ్ణుంచి జౌగడకు ఆటో. ఆటో అతనితో ఒడియాలో కబుర్లు చెబుతూనే ఉంది. జౌగడలో ఆ మగధ రాజు శాసనాలు చెక్కించిన పెద్ద బండ ఉంది. అక్షరాలు చాలాచోట్ల పెచ్చులూడిపోయాయి. ఆవిడ కటకటాల దగ్గర నిలబడి మాకు పాఠం చెప్పింది. ఆ రాజు ఇలాంటి శాసనాలు దేశం నలుమూలలా రాళ్ల మీద చెక్కించాడు. అందులో పదమూడోది కళింగం గురించి. లక్షమంది చచ్చిపోయారనీ, లక్షన్నరమందిని తరలించుకుపోయారనీ, తలుచుకుంటే తనకెంతో బాధగా ఉందనీ చెప్పుకున్నాడు.

"ఇక్కడ ఏది అది? ఎతకండి," అంది.

తవిటేశు వంగి చూశాడు. "అరిగిపోనాదా టీచర్?"

"సెక్కించనేదురా! అక్కడెక్కడో పెషావర్ కాడున్నోల్లకి సెప్పుకున్నాడు, బాదపడ్డానని. కళింగంలో, మన మొకం మీద, ఆ ముక్క సెప్పనేకపోనాడు. దానికి బదులు ఇక్కడేటి రాయించేడో తెలుసా? మనుసులంతా నా బిడ్డలే, అని."

కృష్ణ రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. "ఇదే! ఆల్బం ఇదే!" అని కేక పెట్టాడు. గొడ్డలి దింపిన పరశురాముడు కొండ మీద. కత్తి దింపిన రాజు ఈ రాయి మీద. చంపినవాళ్లిద్దరూ మా చుట్టుపక్కలే శాంతించారు. ఆ మధ్యలో ఉన్న జనం మేం. ముగ్గురం ఒకేసారి మాట్లాడేస్తున్నాం, ఒకరి మాట ఒకరికి వినిపించడం లేదు. ఆటో అతను ఏదో నిధి దొరికిందనుకుని పరుగెత్తుకొచ్చాడు. తిరుగు రైల్లో టీచరమ్మ నిద్రపోయింది, మేం మాత్రం పలాస వచ్చేదాకా బల్ల మీద దరువేస్తూనే ఉన్నాం.

ఎనిమిది నెలల్లో ఆల్బం దాదాపు అయింది. చివరి పాట ఆ రాజు పశ్చాత్తాపం. కృష్ణ దానికి అద్భుతమైన గిటారు ముక్క కట్టాడు. వింటే ఎవరికైనా కళ్లు చెమ్మగిల్లుతాయి. ఫోనులో ఎక్కించి డయాలసిస్ వార్డుకు పట్టుకెళ్లాను. నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి కాబట్టి మా పాటలన్నీ ఆవిడ అక్కడే వినేది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంది. తీసేశాక నా వైపు చూడలేదు.

"అన్నిట్లోకీ మంచి పాట ఎవడికిచ్చేవే?"

నాకు అర్థమైంది, కానీ ఒప్పుకోవాలనిపించలేదు. "ఆయన బాధపడ్డాడు కదా టీచర్."

"పడ్డాడు. పడినట్టు నిన్నే నమ్మించీసినాడు, సూడు. మరా లచ్చన్నరమందిని తోలుకెల్లిపోనాడే, ఆలు ఏ దారంట నడిసేరు? ఎలాగ నడిసేరు? ఆల్లకో పాట నేదా?"

ఆ సాయంత్రం ఈ మాట చెబితే కృష్ణకు కోపం వచ్చింది. "ఎనిమిది నెలలు కష్టపడ్డాం. ఆవిడకేటి తెలుసు మ్యూజిక్?" అని గిటారు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయాడు. మూడు వారాలు రాలేదు. ఫోనెత్తలేదు. తవిటేశు వచ్చి ఊరికే స్టూలు మీద కూర్చుని వెళ్లేవాడు. బ్యాండు ఇక లేనట్టేనని అనుకున్నాం.

టీచరమ్మకు ఈ సంగతి నేను చెప్పలేదు, కానీ తెలిసింది. ఒకరోజు డయాలసిస్ నుంచి నేరుగా, చేతికి ప్లాస్టరుతోనే, కృష్ణ షాపుకు వెళ్లి కూర్చుందట. తర్వాత కృష్ణే చెప్పాడు. ఆవిడ క్షమించమనలేదు, బతిమాలలేదు. "నీ పాట పారీవొద్దురా బాబూ. దూరంగా పెట్టు. నడుసుకుని పోతన్నోల్లకి ఎనకాల ఎక్కడో గెలిసినోడి బాజా ఇనిపిత్తాది కదా. అలాగుండాల," అందట. కృష్ణ చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉండిపోయిందట. ఆ ఆదివారం అందరికంటే ముందు వచ్చింది కృష్ణే.

నడక ఎలా ఉండాలన్నది మాత్రం తేలలేదు. మా జీడిపిక్కలు ఆరబోసే కళ్లం మీదికి ఆవిడ మమ్మల్ని తీసుకెళ్లింది. తువ్వాలుతో తవిటేశు కాలూ కృష్ణ కాలూ కలిపి కట్టింది. "నడండి," అంది. పప్పు ఒలిచే ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు.

"ఏటి సేత్తన్నారమ్మా, ఈలకి సంకెల్లేసీనారు?" అంది వాళ్లలో పెద్దావిడ.

"యుద్ధంలో పట్టుబడినోల్లు ఎలాగ నడిసేరోనని సూత్తన్నామే."

ఇద్దరూ నాలుగు అడుగులు వేశారు. తవిటేశు పైకే లెక్కపెడుతున్నాడు. నాలుగూ నాలుగూ వస్తోంది, సైనికుల కవాతులాగా. పెద్దావిడ కాసేపు చూసి తల అడ్డంగా ఊపింది.

"అది మగోల్ల నడక. సంకలో బిడ్డుంటే అలాగ నడవనేరు. నాలుగడుగులేసి, బిడ్డని పైకెగేసుకుని, మల్లీ మూడే పడతాయి. సూడండి." అని పక్కనున్న చేట చంకన పెట్టుకుని నడిచి చూపించింది.

నాలుగు, మూడు. నాలుగు, మూడు. తవిటేశు కాలి కట్టు విప్పుకోకుండానే గోడౌనులోకి గెంతబోయి కృష్ణను కూడా కిందపడేశాడు. ఇద్దరూ లేచి, మోకాళ్లకు దుమ్ముతో డ్రమ్స్ దగ్గరికి కుంటుకుంటూ పరుగెత్తారు. ఏడు దెబ్బల తాళం మొదలైంది. బయట ఆడవాళ్లందరూ లైనుగట్టి ఆ దరువుకు నడుస్తున్నారు. కొందరు నవ్వుతున్నారు, ఇద్దరు ఏడుస్తున్నారు. మధ్యలో టీచరమ్మ చప్పట్లతో లెక్క తప్పకుండా చూస్తోంది. మా ఆల్బంలో ఆఖరి పాట అదే. అందులో వినిపించే అడుగులు ఆ ఆడవాళ్లవి.

పూర్తయిన ఆల్బం ఆవిడ వార్డులోనే వింది. పక్క మంచం మీద, సముద్రం ఒడ్డు ఊరైన అక్కుపల్లి నుంచి వచ్చే చేపలాయన "ఏటమ్మా అది, భక్తి పాటలా?" అని అడిగితే, ఒక ఇయర్‌ఫోను తీసి ఆయన చెవిలో పెట్టింది. ఇద్దరూ చెరో చెవితో చివరిదాకా విన్నారు. "మా ఊరు తీసుకురండమ్మా మేడాన్ని," అని ఆయన నాతో అన్నాడు.

వెళ్లాం. ఆవిడ పోవడానికి పది రోజుల ముందు, మధ్యాహ్నం ఎండ తగ్గాక. ఇసకలో నడవలేకపోతే ఆ చేపలాయన ఇంట్లోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి తడి ఇసక మీద వేశాడు. ఆవిడ సముద్రం వైపు తిరిగి కూర్చుంది.

"దాక్టరు నీల్లు కొలిసి తాగమన్నాడు. సూడ్డానికి కొలత నేదు కదా," అని నవ్వింది. తర్వాత చెయ్యెత్తి తూర్పుకు చూపించింది. "ఇక్కణ్ణించి ఓడలు సముద్రం అవతల తూరుపు దీవులకెల్లీవి. ఆ దీవుల్లో మనోల్లని ఇప్పటికీ కళింగం పేరు పెట్టే పిలుత్తారంట. ఎల్లి తిరిగి రానోల్లు ఎంతమందో. ఆలక్కడ ఏటి పాడుకున్నారో ఎవలైనా అడిగేరా?"

ముగ్గురం అటే చూస్తున్నాం. తవిటేశు వేళ్లు అప్పటికే తొడ మీద కదులుతున్నాయి.

అంతలో కాస్త పెద్ద అల వచ్చి కుర్చీ కిందినుంచి పారింది. ఆవిడ చిన్నపిల్లలా రెండు కాళ్లూ పైకెత్తేసింది. నీళ్లు వెనక్కి పోతుంటే కుర్చీ నాలుగు కాళ్లూ ఇసకలోకి కొంచెం కొంచెంగా దిగబడుతున్నాయి. పట్టుకుందామని మేం పరుగెత్తాం. ఆవిడ మా వైపు తిరగలేదు, రావద్దన్నట్టు ఒక చెయ్యి వెనక్కి ఊపి, తర్వాతి అల కోసం కాళ్లు అలాగే ఎత్తిపట్టుకుని కూర్చుంది.