ఆయుధపూజకు నేను కంప్యూటర్ శుభ్రం చేసిన వైనం

మొన్న దసరాకు నంద్యాల మొత్తంలో శుభ్రమైన కంప్యూటర్ ఎవరి దగ్గరుందో తెలుసా? మా ఆఫీసులో! ఎంత శుభ్రమంటే, లోపల ఏమీ లేదు. ఆ ఘనత నాదే. నవ్వకండి, ముందు టీ తాగండి.

మా ఓనర్‌ది బేతంచెర్ల బండల వ్యాపారం. కర్నూలులో కంప్యూటర్ నడిపే డాస్ నేర్చుకొచ్చినానని నన్ను పనిలో పెట్టుకున్నాడు. తీరా వచ్చిన కంప్యూటర్‌లో ఉండేది యూనిక్స్, డాస్‌తో పొంతనే లేని ఇంకో పద్ధతి! నాకు రాదని చెప్తే ఉద్యోగం ఉంటుందా? పైగా "పండగ అయినాక పర్మనెంట్ చేస్తాలేప్పా" అన్నాడు. నోరు మూసుకుని సొంతంగా నేర్చుకుందామని కూర్చున్నాను.

ఏం అమరిక అది! డాస్‌లో మాదిరి సి డ్రైవ్ లేదు, ఎ డ్రైవ్ లేదు. ఫైళ్లు పెట్టే అర మాదిరి పైన ఒకటే పెద్ద డైరెక్టరీ, దాంట్లో డైరెక్టరీలు, వాటిలో మళ్లీ డైరెక్టరీలు. మావి చూస్తే రెండే ఫైళ్లు: బండల స్టాకు, లారీల ట్రిప్పులు. మిగతావన్నీ ఎవరివో! ఎవరు పెట్టిపోయినారో!

పూజకు ముందురోజు డ్రైవర్ ఓబులేసు లారీ కడుగుతూ ఎగతాళి చేసినాడు.

"ఏందన్నా, నీ కంప్యూటర్ కడగవా?"

నాకు రోషం వచ్చింది. నువ్వు పైన కడిగితే నేను లోపల కడుగుతా చూడు అని, అన్ని అధికారాలుండే పాస్‌వర్డ్ కొట్టి, మావి కానివన్నీ డిలీట్! అది ఒక్క మాట అడ్డం చెప్పలేదు. అప్పటికి నడుస్తానే ఉంది కూడా. నా తెలివికి నేనే మురిసిపోయి ఆఫ్ చేసినాను.

నా గొప్ప చూడమని ఆళ్లగడ్డ నుంచి మా మామను కూడా పిలిపించినాను. ఆయన రాతి విగ్రహాలు చెక్కుతాడు. పొద్దున ఓనర్ టెంకాయ కొట్టి, మానిటర్‌కు బొట్టు పెట్టి, స్విచ్ నొక్కినాడు. నల్ల తెర. మళ్లీ నొక్కినాడు. నలుపే.

మామ వంగి చూసినాడు. "మేం బొమ్మకు కండ్లు చెక్కడమంతా అయినాక కడాకు తెరుస్తాం అల్లుడూ. దీనికెప్పుడు తెరుస్తారు?"

సిగ్గుతో చచ్చినాను. హైదరాబాద్ ఇంజనీర్‌కు ట్రంక్ కాల్ చేస్తే, "ఏవి తీసేశావ్?" అన్నాడు.

"మావి కానివి సార్."

"అవేనయ్యా కంప్యూటర్! మీ రెండు ఫైళ్లూ అందులో అద్దెకుండేవి. అద్దెకొచ్చి ఇల్లే పడగొట్టావు!"

ఓనర్ నన్ను ఎగాదిగా చూసినాడు. ఉద్యోగం ఊడిందనుకున్నాను. ఊడలేదు. "శుభ్రం బాగా చేస్తాండావు కదప్పా" అని బకెట్, గుడ్డ చేతిలో పెట్టి లారీ చూపించినాడు. ఇంజనీర్ వచ్చేదాకా నాకదే పని.

రోజూ కడుగుతున్నాను. ఓబులేసు మాత్రం బానెట్ మీద చెయ్యేసి కాపలా కాస్తాడు.

"పైపైన చాలన్నా! లోపలుండేవన్నీ నావే!"