చిన్నమ్మ తినని పొన్నగంటాకు

మా చిన్నమ్మ పోయిందని ఫోనొచ్చేసరికి నేను మదనపల్లె మండీలో టమేటా పెట్టెలు దింపిస్తున్నాను. పొద్దున టీ తాగి గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి అట్లే పోయిందట. గుండె అన్నారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఆరేళ్లుగా ఆమె కంటి కోసం ఆమెతోనే పోట్లాడుతున్నానే, గుండె సంగతి ఒక్కనాడైనా నోరు తెరిచి చెప్పిందా?

పుంగనూరు పక్క పల్లెలో ఆమె ఇల్లు. ఆ గడప తొక్కినవాడెవడూ పొన్నగంటాకు తినకుండా బయటపడలేదు. చిన్నాయనకు, ఇద్దరు కొడుకులకు, టమేటాలు కోయడానికి వచ్చిన కూలోళ్లకు కండ్లకు మంచిదని సంగటి మీద గుంట చేసి మరీ ఆకు వేసేది. నాకు అద్దాలు వచ్చినప్పుడు జాలైనా పడలేదు.

"చిన్నప్పుడు ఆకు పెడితే పారేసి బజ్జీలు మేసినావు. ఇప్పుడు మోయి నాయనా, ముక్కు మీద బరువు."

ఒకరోజు ఆమె ఉడికించడానికి ఆకు ఏరుకుంటుంటే, టమేటా చెట్లను కట్టెలకు కట్టే పచ్చ ప్లాస్టిక్ దారాన్ని ముక్కలు కత్తిరించి చేటలో కలిపేశాను. చీపురు తిరగేస్తుందని వాకిట్లో రెడీగా నిలబడ్డాను. ఆమె చేత్తో తడిమి ఏరి, దారంతో సహా కుండలో వేసేసింది. అన్నం దగ్గర చిన్నాయన పండ్ల సందులోంచి ఒక ముక్క పీకి చూపించాడు.

"ఏందే ఇది?"

"ఈనెలే, నమలు."

అందరూ పడి పడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కుండ ఎత్తుకుపోయి పెంటలో పారబోసి, ఆమె తిట్టినంతసేపూ నోరు మూసుకుని తిట్లు తిన్నాను.

ఆసుపత్రికి రమ్మంటే వస్తుందా? "రోజూ ఆకు వండేదాన్ని, నా కండ్లకేం పుట్టింది?" అని ఒకటే మాట. లాభం లేక, కుప్పంలో రెండో సంబంధం చూసుకుంటున్నానని అబద్ధం చెప్పాను. నా పెండ్లాం బతికుండగానే నాకు పిల్లనిచ్చే ఆ మహాతల్లిని కడిగేయడానికి నాకంటే ముందు బస్సెక్కింది. దిగింది కంటి ఆసుపత్రి ముందర. దారంతా దాచుకున్న తిట్లన్నీ అక్కడే నాకు వడ్డించింది.

డాక్టరమ్మ చూసి, చక్కెర జబ్బు చాలా ఏళ్లుగా ఉందనీ, ఎడమ కంట్లో చూపు ఇక రాదనీ, కుడి కన్నయినా నిలుపుకోవాలంటే మందులతో పాటు తిండీ మారాలనీ చెప్పింది. ఏం తింటావని అడిగింది. మా చిన్నమ్మ పొన్నగంటాకు, తోటకూర, ఉలవలు, గుడ్లు అని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"వండేవి కాదమ్మా. నీ నోట్లోకి పోయేవి చెప్పు."

చిన్నమ్మ నేల చూపులు చూస్తూ, "అందురికీ పెట్టినాక మిగిల్తే తింటానమ్మా" అంది. "మిగల్దు."

సంగటి ముద్ద, ఊరగాయ, మూడు చెంచాల చక్కెర వేసిన టీ. ఇదీ ఆమె తిండి. ఊరందరి కండ్లు కాపాడిన మనిషి, వండితే చాలు, తనకూ ఒంటబడుతుందనుకుందో ఏమో. ఈ ఆడవాళ్లను ఏ కట్టెతో కొట్టాలో నాకిప్పటికీ తెలీదు.

మాత్రలు మింగింది. కంట్లో సూది పొడిపించుకుంది. ఆకు మాత్రం తినదు. కోడలు విడిగా గిన్నెలో పెడితే, అది కాసేపటికి ఏ కూలామె అన్నం తట్టలోనో తేలేది. అడిగితే, "ఎండలో పని చేసొచ్చిందిరా ఆ యమ్మ. నేను నీడలో ఉండేదాన్ని" అనేది.

చివరికి ఎంగిలే దారి చూపింది. వాళ్లింట్లో ఎంగిలైంది ఇంకొకరికి పెట్టరు. నేను ఆ ఇంటికి పోయిన రోజుల్లో వంట దిగంగానే గిన్నెలోకి ఆకు తీసి, ఒక ముద్ద బలవంతంగా ఆమె నోట్లో కుక్కి, అదే చేతిని గిన్నెలో ముంచేవాణ్ణి.

"ఇది నీ ఎంగిలి చిన్నమ్మా. ఎవురికి పెడతావో పెట్టు సూస్తా."

"నీ పాడె కట్ట. కూడు పాడు చేస్తాండావే."

పారేయడానికి మనసొప్పక తినేది. కోడలికీ ఈ విద్య నేర్పించాను. నేను లేని రోజుల్లో ఆ పిల్లే నా వంతు తిట్లు కూడా తింది.

ఆకే కన్ను నిలబెట్టిందని నేను చెప్పను. మందులున్నాయి, నెలనెలా కుప్పం బస్సుంది, మానేసిన చక్కెర ఉంది. కానీ కుడి కన్ను నిలబడింది.

ఆమె పోవడానికి పదిరోజుల ముందు ఆ ఊరికి పోయాను. బండి మలుపు దగ్గర ఆపి నడుస్తున్నాను. ఇంటి ముందు అరుగు మీద ఆమె కూర్చుని ఉంది. నేనింకా అంత దూరంలో ఉండగానే గొంతు మొదలైంది.

"యాడికిరా ఆ అవతారం? పై గుండీ కింది కాజాలో పెట్టుకోని వస్తాండావు. నీ పెండ్లాం అయినా సూడలేదా?"

తల వంచి చూసుకున్నాను. నిజమే. పొద్దుటి నుంచి మండీలో వందమంది చూశారు, ఒక్కరూ చెప్పలేదు. రోడ్డు మధ్యలో అట్లే నిలబడి గుండీలన్నీ విప్పి, ఒక్కొక్కటే మళ్లీ పెట్టుకున్నాను. ఆమె అక్కడి నుంచి చూస్తూనే ఉంది.